ఊనిక ఎక్కడ: కడప, కర్నూలులో నా ఇటాలియన్ పాఠాలు

నర్సింగు చదివిన పిల్లలు, వృద్ధులను చూసుకునే పనికి వెళ్ళాలనుకునేవాళ్ళు ఇటలీ వైపు చూడటం మొదలయ్యాక, మన జిల్లాల్లో ఇటాలియన్ నేర్పేవాళ్ళు కూడా తయారవుతున్నారు. వాళ్ళలో కొందరు నాకు ఫోను చేస్తుంటారు. ఏ పుస్తకం మంచిది, ఎన్నాళ్ళలో ముగించాలి అని అడుగుతారు. పుస్తకాల సంగతి బజారులో ఎవరైనా చెబుతారు. క్రియాపదాన్ని పలకడం ఎలా నేర్పారని మాత్రం ఎవరూ అడగరు. నా ఉద్యోగమంతా దాని చుట్టూనే తిరిగింది. అందుకే అడగకపోయినా రాస్తున్నాను.

సభల్లో తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అని పొగుడుతారు. రెండు భాషల్లోనూ మాటలు అచ్చులతో ముగుస్తాయి కాబట్టి ఆ మాట పుట్టింది. వినడానికి బాగుంటుంది. కానీ ఈ పొగడ్త నమ్ముకుని క్లాసుకు వెళితే మొదటి వారంలోనే బోల్తా పడతారు. మన మాటలో అక్షరాలన్నీ ఒకే వరసలో నడుస్తాయి. వాళ్ళ మాటలో ఒక అక్షరం మీద గొంతు బరువు వేయాలి. దాన్నే ఊనిక అంటాను. ఆ బరువు తప్పు చోట పడితే ఎదుటివాడు తల పక్కకు వంచి చూస్తాడు. ఆ చూపు చాలు, మన పిల్లల నోరు మూతపడటానికి.

వంకాయలు కొన్న సిస్టర్

నేను మొదట తెలుగు పండితుణ్ణి. పుట్టింది బనగానపల్లె, ఉద్యోగం కడపలో ఒక ఎయిడెడ్ బడి. ఊరి చివర సన్యాసినులు నడిపే చిన్న ఆసుపత్రి ఒకటి ఉండేది. అక్కడికి ఇటలీ నుంచి ఒక సిస్టర్ వచ్చింది. పేరు అన్యేసె. జనం నోట్లో ఆగ్నేసమ్మ అయింది. ఆమెకు తెలుగు చెప్పమని హెడ్మాస్టరు నన్ను పంపించాడు. సాయంత్రం బడి వదలగానే సైకిలు మీద వెళ్ళేవాణ్ణి. వేపచెట్టు నీడలో రెండు ఇనప కుర్చీలు, ఒక స్టూలు. అదే మా బడి.

ఆమె బాగా కష్టపడేది. అయినా కూరగాయల అంగట్లో "వంకయాలు" అని అడిగేది. అమ్మేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవాళ్ళు. కడపను "కడాప" అనేది. ఆమె ప్రతి మాటలోనూ చివరినుంచి రెండో అక్షరాన్ని సాగదీస్తోందని నాకు కొన్నాళ్ళకు తట్టింది. ఆ సంగతి చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "మరి మీ మాటలో పెద్ద అక్షరం ఏది?" అంది. మాకు పెద్ద అక్షరం అంటూ లేదన్నాను. దీర్ఘం ఉంటే దీర్ఘం పలుకుతాం, హ్రస్వం ఉంటే హ్రస్వం, అంతే.

"ఒక్కటీ లేదా? అందరూ సమానమేనా?" అని ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "మా భాషలో ప్రతి మాటకూ ఇంటిపెద్ద ఉంటాడు పండితులుగారూ. ఆయన్ని కాదని ఇంకొకరికి దండం పెడితే ఇల్లంతా అలుగుతుంది."

అలా ఆమె నాకు ఇటాలియన్ నేర్పడం మొదలుపెట్టింది. నా జీవితంలో అంత కఠినమైన పైఅధికారి మళ్ళీ దొరకలేదు. మొదట్లో రాయనివ్వలేదు. ఆమె పలకాలి, నేను వినాలి, స్టూలు మీద వేలితో తట్టాలి. అక్షరానికి ఒక తట్టు, ఊనిక ఉన్నచోట గట్టి తట్టు. తప్పు తడితే సరైనది చెప్పేది కాదు. మళ్ళీ అదే మాట అనేది, నాకు దొరికేదాకా. అప్పుడు విసుగొచ్చేది. ముప్పై మంది పిల్లలకు చెప్పి అలిసిపోయి వచ్చినవాణ్ణి, ఈ తట్టడం ఏమిటనిపించేది. ఇప్పుడైతే ఆ వేపచెట్టు కింద ఇంకొక్క సాయంత్రం దొరికితే బాగుండుననిపిస్తుంది.

నా చదువు నాకు ఒకచోట సాయపడింది. మన పిల్లలు రాతను బట్టి మాటను విరుస్తారు. పర్లొ, అంటే 'నేను మాట్లాడతాను', తెలుగులో రాస్తే ప, ర్లొ అని రెండు ముక్కలుగా కనబడుతుంది. ఇటాలియన్ వాడు పర్, లొ అని విరుస్తాడు. రేఫ మొదటి ముక్కలోకి పోతుంది. ఇది మనకు కొత్తేమీ కాదు. ఛందస్సులో సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువెందుకవుతుందో గుర్తు చేసుకుంటే చాలు. రాత ఎలా ఉన్నా నోరు అక్కడే మూసుకుంటుంది. కానీ వాళ్ళు స తరువాత హల్లు వస్తే మాత్రం విడదీయరు. ఫినిస్కొ, 'ముగిస్తాను', ఫి, ని, స్కొ అని విరుస్తారు. అక్కడ మన రాత, వాళ్ళ విరుపు ఒకటవుతాయి. సిస్టర్‌కు ఈ పోలిక చెప్పిన రోజు ఆమె లేచి వెళ్ళి లోపలి నుంచి నాకు కాఫీ తెచ్చింది. ఆమె నోటితో మెచ్చుకోవడం నేనెప్పుడూ వినలేదు. ఆ కాఫీయే మెప్పు.

తరువాత ఆమె తన ఆసుపత్రి నర్సులకు సాయంత్రం క్లాసు పెట్టి, నన్ను పంతులుగా నిలబెట్టింది. తను వెనక బెంచీలో కూర్చుని వినేది. ఆమె ఆరోగ్యం చెడి తిరిగి వెళ్ళిపోయేనాటికి ఆ క్లాసు నాదైపోయింది.

ఒక ఒత్తు చేసిన పని

బడి ఉద్యోగం ముగియకముందే కర్నూలులో ఇటలీ వెళ్ళే నర్సులకు పాఠాలు చెప్పే ఒక శిక్షణ కేంద్రం వాళ్ళు పిలిస్తే, ముందే విరమణ తీసుకుని వెళ్ళాను. దాన్ని నడిపే ఆయన మద్దిలేటి. మంచివాడు, తొందర మనిషి. ఆయన దృష్టిలో భాష అంటే కంఠస్థం పట్టాల్సిన వాక్యాలు. ఇంటర్వ్యూలో అడగబోయే ప్రశ్నలకు జవాబులన్నీ తెలుగు లిపిలో అచ్చు వేయించి పిల్లలకు పంచేశాడు. వ్యాకరణం ఎందుకు సారూ, వాళ్ళేమన్నా కవిత్వం రాస్తారా అనేవాడు.

రోగి మంచం మీంచి పడిపోతే ఏం చేస్తారన్నది ఒక ప్రశ్న. డాక్టరును పిలుస్తాం అన్నది జవాబు. 'పిలుస్తాం' అనడానికి కియమెరేమొ అనాలి. అచ్చులో ఒక మకారం ఎక్కువ పడి కియమెరెమ్మొ అయింది. మన చెవికి ద్విత్వం బాగా తెలుసు. గడి వేరు, గడ్డి వేరు అని చిన్నపిల్లలకూ చెప్పనక్కర్లేదు. కాబట్టి పిల్లలు ఆ ద్విత్వాన్ని చక్కగా, నొక్కి మరీ పలికారు. ఇటాలియన్‌లో ఆ ఒక్క ఒత్తుతో మాట 'పిలిచేవాళ్ళమే, వీలై ఉంటే' అని మారిపోతుంది.

కంప్యూటరు తెర మీద ఇంటర్వ్యూ చేసిన ఇటాలియన్ ఆవిడ మొదటి పిల్ల జవాబు విని, "పిలిచేవాళ్ళమే అంటున్నావు, మరి ఏమిటి అడ్డం?" అని అడిగింది. ఆ పిల్లకు అర్థం కాలేదు. రెండో పిల్లా అదే అంది. మూడో పిల్లా అదే అంది. ఆవిడ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. మీ ఊళ్ళో రోగి కింద పడితే డాక్టరును పిలవడానికి ఏదైనా షరతు ఉందా అని అడిగింది. ఆ జట్టు ప్రయాణం వాయిదా పడింది.

మద్దిలేటి నా గదికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. నేను రెండు మాటలూ పలికి వినిపించాను. ఆయన తనూ ఒకసారి పలికి చూసుకున్నాడు.

"ఒక ఒత్తులో ఇంత ఉండాదా సారూ?" అన్నాడు.

ఉంది అన్నాను. ఆ మరుసటి రోజు నుంచి అచ్చుకాగితాలు ఆగిపోయాయి. క్లాసు ఎలా నడపాలో నాకు వదిలేశాడు. ఇప్పటి పంతుళ్ళకు నేను చెప్పేది ఒకటే. తెలుగు లిపిలో ఇటాలియన్ రాసి ఇవ్వకండి. మంజొ అని రాస్తే అది 'తింటాను' కావచ్చు, 'తిన్నాడు' కావచ్చు. మొదటిదానికి ముందు అక్షరం మీద బరువు, రెండోదానికి చివర మీద. ఆ బరువు మన లిపిలో కనబడదు. 'తిన్నాడు' అనబోయి పిల్ల 'తింటాను' అంటుంది, రోగి కూతురు తన తండ్రి అన్నం ఎవరు తిన్నారా అనుకుంటుంది.

కోసిగి ఎస్తేరు

ఆ తరువాతి జట్టులో వచ్చింది ఎస్తేరు. కోసిగి వైపు అమ్మాయి. అమ్మానాన్నలు ఏటా మిరప కోతలకు గుంటూరు దిక్కు పోయేవాళ్ళు. కొన్నేళ్ళు ఎస్తేరును వెంట తీసుకుపోయారు, తరువాత అవ్వ దగ్గర వదిలారు. చర్చి వాళ్ళ సాయంతో నర్సింగు చదివింది. హాస్టల్లో ఆమె మాటను ఎగతాళి చేసేవాళ్ళట. కన్నడం కలిసిన ఆ యాస వినగానే నవ్వు మొదలయ్యేదట. దాంతో ఆమె తెలుగులోనే గొంతు తగ్గించుకుంది. ఇక ఇటాలియన్‌లో పెదవులు కదిలేవి గానీ ధ్వని వచ్చేది కాదు.

మాట్లాడే పరీక్షలో ఆమె తప్పింది. మీ ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారని అడిగారు. మా అమ్మానాన్నలు దూరంగా పని చేస్తారు అని చెప్పబోయింది. లవోరనొ అనాలి. చివరినుంచి మూడో అక్షరం మీద ఊనిక. సిస్టర్ మాటలో అదే పెద్ద అక్షరం, క్లాసులో నేనూ అలాగే అనేవాణ్ణి. ఆమె లవొరానొ అంది. అందరూ చేసే తప్పే. క్రియ బహువచనంలోకి వచ్చినప్పుడు చివర 'నొ' చేరుతుంది గానీ ఊనిక పాతచోటే నిలబడుతుంది. మన పిల్లలు దాన్ని లాక్కుని చివరి వైపుకు తెస్తారు. పరీక్ష చేసేవాడికి అర్థమయ్యే ఉంటుంది, మళ్ళీ చెప్పమన్నాడు, అంతే. కానీ ఎస్తేరుకు అది హాస్టల్ నవ్వులాగే వినబడింది. ఆ తరువాత నోరు తెరవలేదు.

ఆమె మానేస్తానంటూ వచ్చింది. నేను వద్దనలేదు, సరే అననూ లేదు. ఆ వారం మా జట్టు గండికోట విహారానికి పోతోంది. అదైనా చూసి వెళ్ళమన్నాను.

బనగానపల్లెలో ఆగి మా తమ్ముడి తోటలో మామిడిపండ్లు తిని, జమ్మలమడుగు మీదుగా గండికోట చేరేసరికి పొద్దు కాస్త వాలింది. పెన్నా లోయ అంచున బండల మీద పిల్లలు చెల్లాచెదరుగా తిరుగుతున్నారు. సుజాత అనే పిల్ల ఫోటో కోసం మరీ అంచుకు పోయింది. వెనక నుంచి ఒక పిలుపు వచ్చింది. "సుజా...త" అని, మధ్య అక్షరం మీద గొంతంతా మోపి, చివరిది గాలికి వదిలేసినట్టు. సుజాత ఉలిక్కిపడి వెనక్కి వచ్చేసింది. పిలిచింది ఎస్తేరు.

ఆ గొంతు ఆమెలో ఉందని నాకప్పటిదాకా తెలియదు. అలా పిలవడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. మిరప చేన్లో అమ్మ ఎక్కడో దూరంగా సాలులో ఉండేదట. అన్నం వేళకు గట్టు మీంచి పిలవాలి. మాట మొత్తం అరిస్తే గాలికి పోతుందట.

"ఒక్కచోట పట్టి ఇసరాల సార్. అప్పుడే అంత దూరం పోతాది," అంది.

"లవోరనొ ఎక్కడ పట్టి విసరాలి?" అని అడిగాను.

ఆమె నా మొహం చూసింది. తరువాత లోయ వైపు తిరిగింది. మొదటిసారి చిన్నగా అంది. రెండోసారి 'వో' మీద పట్టి విసిరింది. ఎదుటి కొండ దాన్ని తిరిగి పంపింది. పక్కన ఫోటోలు దిగుతున్నవాళ్ళు తిరిగి చూశారు. ఆమె పట్టించుకోలేదు. ఇంకొకసారి విసిరింది. మిగతా పిల్లలు కూడా వచ్చి తలో క్రియ అందుకున్నారు. ఆబితనొ, నివసిస్తారు. తెలేఫొననొ, ఫోను చేస్తారు. ఆ సాయంత్రం పెన్నా లోయ విన్నన్ని ఇటాలియన్ క్రియలు నా క్లాసు గది ఎన్నడూ వినలేదు.

తిరిగి బస్సు ఎక్కేటప్పుడు ఎస్తేరు నా పక్కన ఆగింది. "మా యమ్మ నాయన ఇప్పుడు గూడ పనికే పోయుండారు సార్. ఆ మాట నేను తప్పు పలకగూడదు," అంది.

తరువాతి పరీక్షలో ఆమె తప్పలేదు.

తప్పు పలకడం

ఎస్తేరుకు దక్షిణ ఇటలీలో ఒక చిన్న ఊళ్ళో పని దొరికింది, వృద్ధుల ఆశ్రమంలో. నేను ఆ ఏడే కేంద్రం వదిలి కడపకు వచ్చేశాను. ఆదివారాలు మధ్యాహ్నం ఆమె నుంచి ఫోను వచ్చేది.

ఆ ఆశ్రమంలో అస్సుంతా అనే ముసలావిడ ఉంది. ఒకప్పుడు ఊరి ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మ. సగం ఊరికి ఆమే అక్షరాలు దిద్దించిందట. మతిమరుపు జబ్బు ముదిరి మాట పూర్తిగా ఆగిపోయింది. రోజూ వచ్చే కూతుర్ని కూడా గుర్తుపట్టడం లేదు. ఒక మధ్యాహ్నం ఎస్తేరు ఆమెకు సూపు తాగిస్తూ ఆ కూతురితో మాట్లాడుతోంది. మొన్నమొన్నటి దాకా వీళ్ళంతా తక్కువ తినేవాళ్ళు అని చెప్పాలి. తొందరలో ఊనిక తప్పి 'మంజవానొ' అంది.

ముసలావిడ చెయ్యి పైకి లేచింది. చూపుడువేలు నిటారుగా ఉంది.

"మన్, జా, వ, నొ," అంది.

కూతురు చేతిలో సంచి కింద పెట్టి, ఎస్తేరు వంక, తల్లి వంక చూసింది. చాలా నెలల తరువాత ఆమె విన్న తల్లి గొంతు అదేనట.

నేను మంచిదే కదా అన్నాను. ఆ తరువాత ఆమె ఒకటి అడిగింది. ఇంకా తప్పుగా పలకడానికి వీలైన క్రియలు కొన్ని చెప్పమంది.

"సరింగా పలికితే ఆమె ఉలకదు పలకదు సార్. తప్పు పలికితేనే నోరు తెరుస్తాది. కూతురు పక్కన కూసోని ఇంటాది," అంది.

నా ఉద్యోగమంతా పిల్లల నోట తప్పు రాకుండా చూడటంలోనే గడిచింది. ఎస్తేరు ఆ తప్పు వదిలించుకోవడానికి ఎంత తపించిందో నాకు తెలుసు. ఇప్పుడు కావాలని మళ్ళీ దాన్ని నోట్లోకి తెచ్చుకుంటానంటోంది. అలవాటైపోతే కష్టమని హెచ్చరించాను. ఆమె నవ్వింది. ఏది తప్పో తెలిసి పలుకుతాండా కదా సార్ అంది.

అలా నేను విశ్రాంత జీవితంలో ఒక కొత్త కొలువుకు కుదిరాను. ఆదివారం ఆదివారం తప్పుకు పనికొచ్చే క్రియలు ఏరేవాణ్ణి. మరీ తేలిక మాట అయితే పంతులమ్మ చిన్నబుచ్చుకుంటుంది, మరీ గట్టిదైతే అందుకోలేదు. ఫినిష్షె, 'ముగుస్తుంది', అనేచోట ఫినిస్కె అని పలకమన్నాను. అది బాగా పనిచేసిందట. పంతులమ్మ రెండుసార్లు దిద్ది, మూడోసారి ఎస్తేరు చేతి మీద చిన్న దెబ్బ వేసిందట. కూతురు కళ్ళు తుడుచుకుంటూనే నవ్విందట. తన చిన్నప్పుడు తనకూ అలాగే పడేదని చెప్పిందట.

ఒక వారం తోర్ననొ ఇచ్చాను. 'తిరిగి వస్తారు' అని అర్థం. ఎస్తేరు దాన్ని తొర్నానొ అని పలికింది. పంతులమ్మ వేలెత్తి సరిగ్గా విరిచి చెప్పింది. అక్కడితో ఆగలేదు. "ఎవరు తిరిగి వస్తారు?" అని అడిగింది. పాఠం చెప్పేటప్పుడు కర్త ఎవరని అడుగుతారే, అలా. కూతురు ముందుకు వంగి, "నేనే అమ్మా, వచ్చేశాను" అంది. పంతులమ్మ ఆమె మొహం చాలాసేపు చూసి, "ఆలస్యంగా వచ్చావు, కూర్చో," అంది.

అది గుర్తుపట్టడమో, ఎవరో బడిపిల్ల అనుకోవడమో మేమెవరమూ చెప్పలేం. కూతురు మాత్రం కూర్చుంది.

ఆ మాటలు ఎంతో కాలం సాగలేదు. చలికాలం వచ్చాక దిద్దడం తగ్గింది. చివరికి ఎంత తప్పు పలికినా వేలు లేవడం ఆగిపోయింది. ఇక క్రియలు వద్దు సార్ అని ఎస్తేరు ఒక ఆదివారం చెప్పింది. మరి ఇప్పుడు ఏం చేస్తున్నావని అడిగాను.

"ఆయమ్మ బడిలో చెప్పిన మొదటి పుస్తకం కూతురు తెచ్చిచ్చింది. పక్కన కూసోని చదువుతాండా. ఇప్పుడు ఒక్కటి గూడ తప్పు పలకను సార్," అంది. "ఆమె చెయ్యి నా చెయ్యి మీద పెట్టుకుంటా. పెద్దక్షరం వచ్చినప్పుడు ఆ వేలు రవ్వంత నొక్కుతాది."